గుండుసూదుల చోటు

ఈ ఆసుపత్రి గౌను కుట్టినవాళ్లెవరో గానీ, జీవితంలో ఒక్కసారి కూడా దీన్ని తొడుక్కుని కూర్చుని ఉండరు. ముందువైపు తెరుచుకోవాలి కాబట్టి నాడాలు ముందు పెట్టారు, అంతవరకు బాగానే ఉంది, కానీ పై నాడా చంక దగ్గర, కింది నాడా బొడ్డు దగ్గర, కప్పవలసిన చోటంతా గాలికి వదిలేశారు. ఏడో నెల కడుపు మీదికి వచ్చేసరికి అంచులు రెండూ ఒకదాన్నొకటి చూసుకోవడమే గానీ కలిసేది లేదు. నేనైతే పక్కన ఒక ముక్క అతికి, మధ్యలో ఇంకో నాడా వేసేదాన్ని, పెద్ద గుడ్డ కూడా పట్టదు. ఇలా ఆలోచిస్తున్నానంటే భయం లేదని కాదు. చచ్చేంత భయంగా ఉంది. భయం వేసినప్పుడు నా కళ్లు కుట్లు వెతుక్కుంటాయి, అదేం అలవాటో. ఇందాక లోపల డాక్టరమ్మ చల్లటి జెల్లు రాసి, ఎడమ రొమ్ము మీద స్కానింగు పరికరం తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగి, ముందుకు వెళ్లి, మళ్లీ అక్కడికే వచ్చి ఆగినప్పుడు కూడా నేను ఆవిడ తెల్లకోటు కాలరునే చూస్తున్నాను, పై కుట్టు ఊడిపోయి ఉంది. "లోపల గట్టిగా ఉందో నీరుందో బొమ్మలో తేలడం లేదమ్మా. సూది పెట్టి కొంచెం తీసి చూద్దాం. గది సిద్ధం చేసేదాకా బయట కూర్చోండి," అంది. సూది పెట్టి చూడటం అంటే ఏమిటో నాకు తెలుసు. మా పెద్దమ్మకి కూడా మొదట సూదే పెట్టారు.

పక్కన కాజాలక్క కూర్చుని ఉంది. ఆవిడకి అసలు పేరు ఒకటుంది, ఇందాక ఆసుపత్రి గుమ్మంలో అడిగేదాకా నాకూ గుర్తులేదు. మా కుట్టుగదిలో కోట్లకీ గౌన్లకీ గుండీలు దూరే కాజాలు చేత్తో కుట్టేది ఆవిడే, మిషను మీద కుట్టిన కాజా కనిపిస్తే మొహం తిప్పుకుంటుంది. నేను కటింగు చేస్తాను, వచ్చినవాళ్ల ఒంటి మీద గుడ్డ నిలబెట్టి, సూదులు గుచ్చి, ఎక్కడ లాగుతోందో ఎక్కడ వదులైందో చూస్తాను. ఇద్దరం ఒకే బల్లకి చెరోవైపు కూర్చుని ఏళ్లు గడిచాయి. పొద్దున్నుంచి సాయంత్రందాకా నోరు మూతపడని మనిషి, ఇవాళ ఉలుకూ పలుకూ లేకుండా ఒళ్లో ఏదో గుడ్డముక్క పెట్టుకుని తల వంచుకుని కుట్టుకుంటూ పోతోంది. నాకు లోపల ఒళ్లు మండుతోంది. పక్కన మనిషి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంటే, కొట్టు పని ఇక్కడికి కూడా మోసుకురావాలా? ఒక్క మాట మాట్లాడితే ఏం పోయింది? మళ్లీ అంతలోనే, మాట్లాడితే ఏడుస్తానేమోనని తనే నోరు కట్టేసుకుందేమో అనిపిస్తుంది. ఆవిడ భుజం మీద నా గుండుసూదులు వరసగా గుచ్చి ఉన్నాయి. ఇందాక స్కానింగుకి లోపలికి వెళ్లబోతుంటే నర్సు "గొలుసులూ గట్రా ఉంటే తీసి మీవాళ్లకి ఇచ్చెయ్యండి" అంది. నా ఒంటి మీద గొలుసేమీ లేదుగానీ, చూసుకుంటే ఎడమవైపు గుండెల మీద జాకెట్టుకి ఇన్ని సూదులు. ఆసుపత్రికి కూడా పెట్టుకొచ్చేశాను. నర్సు తెల్లబోయి చూస్తే, కాజాలక్క ఒక్కొక్కటే పీకి తన భుజానికి గుచ్చుకుంది.

ఇందాక స్కానింగు ఆగిందీ అదే చోటు. పని నేర్చుకున్న రోజుల నుంచీ అక్కడే గుచ్చుకుంటాను. కుడిచేత్తో పని చేసేవాళ్లకి ఎడమ గుండె పైభాగం కన్నా దగ్గర చోటు ఒంటి మీద ఇంకొకటి లేదు. చూడక్కర్లేదు, వెతకక్కర్లేదు, చెయ్యి దానంతటదే వెళుతుంది, సూది వస్తుంది. మేం మా ఒంటిని అలాగే వాడుకుంటాం. పళ్లు దారం తెంపడానికి, మెడ టేపు వేసుకోవడానికి, గుండె సూదులు గుచ్చుకోవడానికి. ఇన్నేళ్లలో ఎంతమంది ఆడవాళ్ల కొలతలు తీశానో, ఛాతీ చుట్టూ టేపు తిప్పేటప్పుడు ఊపిరి బిగబట్టేవాళ్లనీ, సిగ్గుపడేవాళ్లనీ, "కాస్త ఎక్కువ ఉన్నట్టు కుట్టమ్మా" అని చెవిలో చెప్పేవాళ్లనీ చూశాను గానీ, నాకంటూ అక్కడ ఒక ఒళ్లుందని ఎప్పుడూ అనుకున్నట్టు లేదు. దానికి కోపం రావలసిందే. కానీ రాలేదు. ఎవరూ పట్టించుకోకపోయినా అది దాని పని అది మొదలుపెట్టేసింది.

కడుపులో పిల్ల ఉందని నాకు ముందు చెప్పింది అదే. నెల తప్పక ముందే. కొత్తగా ఒక గౌను కుట్టుకుందామని అద్దం ముందు నిలబడి కొలుచుకుంటే ఛాతీ కొలత పెరిగింది, నడుము మాత్రం ఉన్నచోటే ఉంది. పాతబడిన గుడ్డ టేపు సాగుతుంది కదా, సాగితే కొలత తగ్గాలి గానీ ఎలా పెరుగుతుందని కూడా ఆలోచించకుండా, టేపు పాడైపోయిందని చెత్తబుట్టలో పడేశాను. కొత్త టేపు తెచ్చి కొలిస్తే అదీ అంతే చెప్పింది. దుకాణంవాడు నాసిరకం అంటగట్టాడని తిట్టుకున్నాను. ఆ వారమే కటింగు బల్ల అంచుకి ఆనుకుంటే ప్రాణం పోయినంత నొప్పి, మెట్లు దిగుతుంటే నొప్పి, మా ఆయన దగ్గరికి తీసుకుంటే "అబ్బా, మెల్లగా" అని తోసేశాను, ఆయన పాపం తనేదో తప్పు చేశాననుకుని రెండు రోజులు అటు తిరిగి పడుకున్నాడు. ఎదురుగా కూర్చున్న కాజాలక్క నన్నూ, కొత్త టేపునీ, నేను బల్లకి జానెడు దూరంలో నిలబడి కత్తిరించడాన్నీ చూసి, దారం నోట్లోంచి తీసి, "టేపుని తిట్టకే పిల్లా, డాక్టరు దగ్గరికి వెళ్లిరా," అంది. తలుచుకుంటే ఇప్పుడు కూడా నవ్వొస్తోంది. ఇక్కడ నవ్వితే బాగుండదు, ఎదురు బెంచీ మీద ఇద్దరు ఆడవాళ్లు కళ్లు మూసుకుని కూర్చుని ఉన్నారు.

ఆ తర్వాత నెలకొక కొత్త వింత. ఎప్పుడూ కనిపించని నీలి నరాలు చర్మం కింద సన్నగా తేలాయి, సుద్దతో గీతలు గీసినట్టు. చనుమొనలూ, వాటి చుట్టూ ఉండే వలయాలూ నల్లబడి వెడల్పయ్యాయి, వాటి మీద చిన్న చిన్న పొక్కుల్లాంటివి లేచాయి. ఏదో అంటుకుందనుకుని సబ్బుతో గట్టిగా రుద్ది రుద్ది కడిగితే చర్మం పగిలి మంటెత్తింది. నెలనెలా చూసే క్లినిక్కులో నర్సు, నాకన్నా చిన్నది, నా మొహం చూసి నవ్వలేదు. "అవి పొక్కులు కాదక్కా, నూనె గ్రంథులు. చర్మం ఆరిపోకుండా అవే చూసుకుంటాయి. సబ్బు పెట్టారంటే వాటి కష్టమంతా కడిగేసినట్టే. ఒట్టి నీళ్లు పోసుకోండి చాలు," అంది. గరుకు తువ్వాలుతో రోజూ రుద్దితే చనుమొనలు గట్టిపడి బిడ్డ పట్టుకున్నప్పుడు నొప్పి ఉండదని కాజాలక్క చెప్పింది కదా, అదీ అడిగాను. ఆ పని అస్సలు చెయ్యొద్దంది. వచ్చి ఆ మాట చెబితే కాజాలక్క ఏమీ అనుకోలేదు, "మాకు అలా చెప్పారు, రుద్దుకుని చచ్చాం. నువ్వన్నా సుఖపడు," అంది. తీగలున్న బ్రాలన్నీ పక్కన పెట్టేసి, మెత్తటి నూలుగుడ్డతో, వెడల్పు పట్టీలతో, వెనక వరసగా కొక్కేలు పెట్టి, పెరిగేకొద్దీ వదులు చేసుకునేలా నాకు నేనే కుట్టుకున్నాను. ఊరందరికీ కుట్టాను గానీ, నా ఒంటికి సుఖంగా ఉండాలని కుట్టుకున్నది అదే మొదలు. తొడుక్కుని అద్దంలో చూసుకుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆరో నెల దాటాక ఒకరోజు విప్పిన జాకెట్టు అస్తరు మీద పసుపచ్చ మరక, ఆరిపోయి గట్టిగా. మిషను నూనె అనుకున్నాను. ముర్రుపాలట. పిల్ల ఇంకా రానేలేదు, దానికి వడ్డన మొదలైపోయింది.

ఇంత ముచ్చటగా నడుస్తున్న దాంట్లో ఈ గడ్డ ఎప్పుడు చేరింది? అది కూడా నేను కనిపెట్టలేదు. వెనక్కి తిరిగి ఆలోచిస్తే, సూదులు ఈమధ్య నన్ను గుచ్చడం మొదలుపెట్టాయి. అంతకుముందు గుడ్డకే పరిమితంగా ఉండేవి, రొమ్ములు నిండాక జాకెట్టు బిగుతై, సూది మొన నేరుగా చర్మానికి తగిలేది. అయినా చోటు మార్చుకోలేదు. వంగినప్పుడల్లా చురుక్కుమనేది, తిట్టుకుని సర్దుకునేదాన్ని. ఆ పక్కనే వేలికి గోళీకాయంత తగిలితే, సూది లోతుగా దిగి వాచిందనుకుని మందు రాసి ఊరుకున్నాను. ఇంకొకరెవరైనా అయితే గడ్డ తగలగానే హడలిపోయేవారు. గుండెల మీద సూదులు మోసేవాళ్లకి గడ్డ తగిలితే సూది మీదే అనుమానం వస్తుంది. వారాలు అలాగే గడిచాయి. చివరికి నా గౌను వదులు చేద్దామని పక్క కుట్లు విప్పి, కాజాలక్కని ఫిటింగు చూడమని నిలబడ్డాను. "సూదులన్నీ తీశావా?" అంది. తీశానన్నాను. "ఒకటి ఉండిపోయింది చూడు, గుడ్డ కింద," అని రెండు వేళ్లతో పట్టుకుని లాగబోయింది. రాలేదు. గుడ్డ ఎత్తి చూసింది, సూది లేదు. ఆవిడ వేళ్లు అక్కడే ఉండిపోయాయి, మొహంలో రంగు దిగిపోయింది. "ఎప్పటినుంచే ఇది?" అని అడిగిన గొంతు ఆవిడది కాదు. సూది గుచ్చుకుందక్కా అన్నాను. ఇంకేం, ఆ రోజు నుంచి చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. కానుపు అయ్యాక చూపిస్తానంటే కత్తెర బల్లకేసి కొట్టింది. కడుపుతో ఉన్నప్పుడు స్కానింగు చేయించుకుంటే పిల్లకి ఏమవుతుందోనని నేను నసుగుతుంటే, క్లినిక్కు నర్సుకి తనే ఫోను చేసి, ఈ స్కానింగు పిల్ల కోసం చేసేలాంటిదే, ఏమీ కాదని ఆమె చేత చెప్పించి, రోజు కూడా తనే ఖాయం చేసింది. ఆ పోరుకి అప్పుడు విసుక్కున్నాను. ఇప్పుడు పక్కన కూర్చుని తల ఎత్తకుండా కుట్టుకుంటున్న ఈ మనిషికి ఏమని చెప్పాలి?

మా కుట్టుగది గోడకి, మేకుకి తగిలించిన కాగితపు నమూనాల్లో ఒకటి రెండువైపులా సమానంగా ఉండదు. కుడివైపు మామూలుగా ఉంటుంది, ఎడమవైపు బల్లపరుపు, దాని వెనక ఒక సంచి. అది పెద్దమ్మది. మా అమ్మ అక్క. ఆవిడకి ఒకవైపు తీసేసినప్పుడు నేను పనిలో చేరి ఎన్నాళ్లో కాలేదు. ఇంటికొచ్చిన పెద్దమ్మ మంచం మీద కూర్చుని, "ఒసేయ్, కుట్టుపని నేర్చుకుంటున్నావు కదా, నన్ను కాస్త సరిచెయ్యవే," అంది. నేను సొంతంగా గీసిన మొదటి కటింగు అది. సంచిలో దూది పెడితే తేలిపోయి పైకొచ్చేది, నాలుగు అడుగులు వేసేసరికి ఆ రొమ్ము భుజమెక్కి కూర్చునేదని ఆవిడే చెప్పి పడీ పడీ నవ్వేది. చివరికి దూదిలో గుప్పెడు ఆవాలు కలిపి కుడితే బరువు సరిపోయి నిలబడింది. ఆవిడ బతికింది, ఇప్పటికీ గట్టిగా ఉంది, నవ్వుతూనే ఉంది. అది గుర్తుచేసుకుంటే ధైర్యం రావాలి. కానీ ఇవాళ నాకు ఆ కాగితమే కళ్ల ముందు ఆడుతోంది. నాకూ అలాంటిది ఒకటి గీసుకోవాలా? గీసుకోవడానికి నా చేతులకి వచ్చు, అది కాదు. బతకాలి, అది మొదటిది. బతికి, ఆ పిల్ల దీనికోసం నోరు తెరిచినప్పుడు ఇవ్వడానికి ఉండాలి. ఇన్ని నెలలుగా ఇది నరాలు పరుచుకుని, నూనె రాసుకుని, మరకలు వేసుకుని తయారవుతోంది ఎవరికోసం? దీన్ని తీసేస్తామంటే నేనేం మాట్లాడాలి? ప్రాణం కావాలి, పాలూ కావాలి. రెండూ అడగడం అత్యాశ అయితే అవనీ.

ఫోను మోగింది. మా ఆయన. కింద కూర్చుని ఉన్నాడు, ఇటువైపు మగవాళ్లని రానివ్వరు. ఊళ్లో లిఫ్టులన్నీ బాగుచేసే మనిషి, ఇవాళ నన్ను మాత్రం మెట్ల మీద నడిపించాడు, మధ్యలో ఆగిపోతే ఆలస్యమవుతుందట. "పిలిచారా?" అన్నాడు. ఇంకా లేదన్నాను. "ఈ లిఫ్టు తలుపు మూసుకునేటప్పుడు కిర్రుమంటోంది, విన్నావా? బేరింగు పోయింది," అన్నాడు. విన్నానన్నాను. నాకు కుట్లు, ఆయనకి బేరింగులు. "నాకేం భయం లేదు," అన్నాడు, ఎవరూ అడగకుండానే. "నాకూ లేదండీ," అన్నాను. ఇంత శుద్ధ అబద్ధాలు పెళ్లయ్యాక ఎప్పుడూ ఆడుకోలేదు. పెట్టెయ్యబోతుంటే మెల్లగా, "ఏదైనా సరే, నువ్వు ఇంటికొస్తే చాలు," అన్నాడు. ఆ ఒక్క మాట కోసమే ఫోను చేసి ఉంటాడు, బేరింగు వంకన.

నర్సు తలుపు తీసి పిలిచింది. లేచాను. కాజాలక్క కుట్టు ఆపి తల ఎత్తి చూసింది. లోపల చీకటిగా, చల్లగా ఉంది. తల కింద చెయ్యి పెట్టుకుని పక్కకి ఒత్తిగిలి పడుకోమన్నారు, కడుపు కింద దిండు పెట్టారు. డాక్టరమ్మ చూపించకుండానే సూది కనిపించింది, నేను సూదుల మనిషిని, చూపు అటే పోతుంది. "రోజూ గుచ్చుకునేవాళ్లే కదా, నర్సు చెప్పింది," అని డాక్టరమ్మ నవ్వబోయింది. నవ్వలేకపోయాను. చర్మం దగ్గర చురుక్కుమంది, లోపల ఏదో నొక్కినట్టయింది. సరిగ్గా అప్పుడే పిల్ల గట్టిగా తన్నింది. ఉండమ్మా, ఉండు, నీదేమీ తీసుకుపోనివ్వను అనుకున్నాను. అనుకుంటూనే తెర వైపు చూశాను. నల్లగా గుండ్రంగా ఉన్న మచ్చ, సూది గీత దాని మధ్యలో. ఆ మచ్చ నలిగింది, సన్నబడింది, గీతంత అయింది, లేదు. డాక్టరమ్మ "అరే!" అంది. ఆ ఒక్క శబ్దానికి నా ప్రాణం ఎక్కడికి పోయిందో ఎక్కడినుంచి వచ్చిందో చెప్పలేను. దీపం వేయించి సిరంజి నా కళ్ల ముందుకు తెచ్చింది. తెల్లగా, చిక్కగా, అంచున కొంచెం పసుపచ్చగా. "పాలమ్మా, పాలు! లోపల ఒక నాళం మూసుకుపోయి తిత్తిలా నిండింది, అంతే. పద్ధతి ప్రకారం పరీక్షకి పంపిస్తాను, కానీ దీన్ని చూశాక నాకు భయం లేదు. మళ్లీ నిండితే మళ్లీ రండి, తీసేద్దాం." నోరు పెగుల్చుకుని, "పిల్లకి ఇవ్వొచ్చా?" అన్నాను. "రెండువైపులా, హాయిగా," అంది.

ఇంతసేపూ నేను చావు అనుకుని భయపడింది నా బిడ్డ అన్నాన్ని చూసి. వెల్లకిలా తిప్పి దూది అదిమిపెట్టి నర్సు పట్టుకుని ఉంటే, కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా లేదు. ఏ దేవుణ్ణి తలుచుకోవాలో తోచలేదు, ఒంటికే దండం పెట్టాలనిపించింది. ఇన్నేళ్లు సూదులు గుచ్చినా ఊరుకుంది, టేపు తప్పన్నా ఊరుకుంది, సబ్బు పెట్టి రుద్దినా ఊరుకుంది, కడుపులో మనిషి కోసం మాత్రం ఒక్క పూట పని మానలేదు, చివరికి దారి మూసుకుపోయినా పాలు చేస్తూనే ఉంది. డాక్టరమ్మకీ నర్సుకీ చేతులు జోడించబోతే, "కదలకండి, దూది జారుతుంది," అని కోప్పడ్డారు. ఆ కోపం కూడా తియ్యగా ఉంది.

పడుకున్నచోటి నుంచే పెద్దమ్మకి ఫోను చేశాను. పాలట పెద్దమ్మా అన్నాను. తనకి ఒకటి తీసేసిన రోజున కూడా ఏడవని మనిషి, ఎక్కిళ్లు పెడుతూ, "నా కొలతలు నాకే ఉంచవే. నువ్వేం తీసుకోనక్కర్లేదు," అంది. తర్వాత మా ఆయనకి చెబితే, "పాలా? ఏ పాలు?" అని అరిచి, అర్థమయ్యాక ఫోను పెట్టెయ్యడం మరిచిపోయి, పక్కనెవరితోనో "మా ఇంట్లో పాలండీ!" అంటున్నాడు.

బట్టలు మార్చుకుని బయటికొచ్చేసరికి కాజాలక్క నిలబడి ఉంది, నర్సు ముందే చెప్పేసిందట. ముక్కు ఎర్రగా ఉంది. దగ్గరికి వెళ్లి, పొద్దుటి నుంచీ మనసులో పెట్టుకున్నదంతా చెప్పాలని నోరు తెరిచాను. "సూదులిచ్చెయ్యక్కా," అన్నాను. ఆవిడ ఇవ్వలేదు. నా ఎడమచెయ్యి లాక్కుని, ఇంతసేపూ కుట్టినదాన్ని మణికట్టుకి చుట్టింది. చిన్న గుండ్రటి దిండు, నర్సు దగ్గర అడిగి పుచ్చుకున్న దూది కూరింది. దానికో పట్టీ, పట్టీకి ఒక గుండీ, గుండీకి ఒక కాజా. అంత సన్నటి కాజా ఏ పెద్దింటి కోటుకీ కుట్టగా చూడలేదు. కొట్టు పని అనుకుని ఇందాక ఎన్ని తిట్టుకున్నాను. గుండీ పెట్టి, చెయ్యి వదలకుండా, "ఇక మీదట సూదులు ఇక్కడ. అది పిల్ల చోటు," అంది. ఆవిడ భుజం మీంచి మొదటి సూది నేనే తీశాను. అలవాటున చెయ్యి ఎడమ గుండె దాకా వెళ్లింది. అక్కడ ఆగింది. వెనక్కి తెచ్చి, మణికట్టు మీది దిండులో గుచ్చుకున్నాను.